పుట్టినరోజు పొంగలి

"రేపటికి పది సేర్ల బియ్యం తీపి పొంగలి చెయ్యాల. నెయ్యి బాగా పొయ్యి. వెంకటరాయప్ప మనవడి పుట్టినరోజు" అన్నాడు మా ఆయన నాగేశ్, ఫోన్లోంచి తల ఎత్తకుండా. అప్పుడు నేను ఎద్దు మెడ మీది పుండులోంచి పురుగులు తీస్తున్నాను. పొంగలి ఎవరికని అడగలేదు. నాకు తెలుసు. పశువులకు.

మా షెడ్డు బాగేపల్లి దాటగానే హైదరాబాద్ రోడ్డు పక్కన ఉంది. లారీలు గుద్దేసిన ఆవులు, పాలు ఎండిపోయాయని రోడ్డు మీద వదిలేసిన బర్రెలు, నడుము విరిగిన కుక్కలు అన్నీ ఇక్కడికే వస్తాయి. షెడ్డుకు అధ్యక్షుడు నాగేశ్. బోర్డు మీద ఆయన ఫోటో, శాలువాలు ఆయన భుజాల మీద. నీళ్ళు తోడేది, పుండ్లు కడిగేది, పేడ ఎత్తేది, లేవలేని ఆవును పక్కలు మార్చేది నేను. సన్మానం జరిగినప్పుడల్లా మైకు పట్టుకుని "మా ఇంటామె కూడా సాయం చేస్తాది" అంటాడు. తెల్లారకముందే లేచి నడుము పడిపోయేదాకా నేను చేసేది సాయమట. మోటార్ల షాపు మూసుకుని సాయంత్రం వచ్చి దూడ పక్కన నిలబడి ఫోటో దిగేది సేవ అట. ఒకసారి ఈ మాట ఇంట్లో అన్నాను. మా అత్త అక్కయమ్మ నవ్వింది. "పేడ ఎత్తేది యాడైనా ఆడోళ్ళ పనే గదమ్మా. దానికి గూడా పేరు కావాల్నా?"

దానం చెడ్డదని నేను అనను. అనేవాళ్ళను ఒక వారం ఈ షెడ్డులో ఉండమంటాను. ఎర్రావు కాలికి రాడ్డు పడింది బస్టాండు ఆటోల వాళ్ళు తలా ఇంత వేసుకుంటేనే. నెత్తిన ఈ రేకులు మంచేనహళ్ళి పాల సంఘం ఆడవాళ్ళు ఇచ్చినవి. వాళ్ళు ఒక్కరూ బోర్డు మీద పేరు అడగలేదు. అట్లా ఇచ్చింది తిన్నగా పశువు ఒంట్లోకి పోతుంది. ఇంకో రకం ఉన్నారు. వాళ్ళు ఇచ్చింది వాళ్ళ కళ్ళముందే ఆవు నోట్లో పడాలి, ఆవు నాలుక చాచాలి, అది ఫోటోలో రావాలి. ఎండుగడ్డి పెడితే ఫోటో బాగుండదట. అందుకని పొంగలి, అరటిపండ్లు, లడ్లు. పుట్టినరోజొచ్చినా, ఇల్లు కట్టినా, ఎలక్షన్లో గెలిచినా మా పశువులకు తీపి తప్పదు.

పోయిన శ్రావణంలో ఒక కుటుంబం గంగాళాలతో పొంగలి తెచ్చింది. వద్దన్నాను. "భక్తితో తెచ్చినారు. నువ్వు నోరు మూసుకో" అన్నాడు నాగేశ్, వాళ్ళ ముందే. తిన్న ఆవులు సాయంత్రానికి నెమరు వేయడం ఆపేశాయి. కపిల ఆవు ఎడమ డొక్క ఉబ్బిపోయింది. పళ్ళు పటపట కొరుకుతూ నేల మీద పడింది. చిక్కబళ్ళాపురం నుంచి పశువుల డాక్టర్ అర్పిత వచ్చి వంటసోడా నీళ్ళు తాగించింది, కడుపులోకి గొట్టం వేసింది. మిగతావి లేచాయి, కపిల లేవలేదు. కడుపు కోస్తే లోపలంతా పులిసిన అన్నం. "ఆవు కడుపు గడ్డికి చేసిందక్కా. అన్నమూ బెల్లమూ ఒక్కసారిగా పడితే లోపల పులిసి విషమైపోతాది" అంది అర్పిత. గుంత తవ్వించి, ఉప్పు చల్లించి పూడ్చింది నేను. నాగేశ్ మాత్రం అడిగినవాళ్ళకు "ఏం చేస్తాం, దాని ఆయుస్సు అంతే" అని చెప్పాడు. మొగుడు మంచివాడైనా ఇట్లాంటి మాట అలవోకగా వస్తుంది. చచ్చిన ఆవు ఎదురు చెప్పదు, బతికున్న పెండ్లాం చెప్పినా ఎవరూ వినరు.

ఇప్పుడు వెంకటరాయప్ప. చింతామణిలో నూనె మిల్లు, బట్లహళ్ళిలో పొలాలు. ఎండకాలమంతా మా పశువులకు మేత చెనిక్కాయ కట్టె, కాయలు తెంపేసిన ఎండు తీగలు, ఆయన పొలాల నుంచే ట్రాక్టర్లలో వస్తుంది. ఆయనకు కోపం వస్తే వానలు పడేదాకా షెడ్డులో మేత ఉండదు. కోపం రాకుండా పొంగలి పెట్టనిస్తే ఎన్ని పడిపోతాయో నాకు తెలియదు. నాగేశ్‌కు మాత్రం ఒక్క లెక్కే తెలుసు. "ఆయప్ప కట్టె నిలిపేస్తే నీ ఆవులకు ఏం పెడతావు? మర్యాదగా చెయ్యి" అన్నాడు. ఎప్పుడు కావాలంటే అప్పుడు అవి నా ఆవులు అవుతాయి.

"చేస్తా" అన్నాను.

చేశాను. మా అత్త ముచ్చటపడి ద్రాక్ష, జీడిపప్పు నేతిలో వేయించి పోసింది. పదకొండు గంటలకు కార్లు వచ్చాయి, ముందు బండి మీద దారి చూపుతూ నాగేశ్. వెంకటరాయప్ప, కొడుకూ కోడలూ, కొత్త బట్టల్లో మనవడు, ఫోటోగ్రాఫరు. వెనక కారులోంచి ఆయన తల్లి కెంపమ్మ, కర్ర పట్టుకుని. అప్పటికే నేను పశువులకు కట్టె వేసేసి గేటుకు తాళం పెట్టాను. గేటు బయట చింతచెట్టు నీడలో చాపలు పరిచి ఇస్తరాకులు వేశాను.

"ఏం నాగేశా, గేటేసుకోని ఉండారు?" అన్నాడు వెంకటరాయప్ప.

"కూచోండప్పా, పొంగలి వేడిగా ఉండాది" అన్నాను నేను.

వెంకటరాయప్ప నవ్వాడు. "మాకెందుకమ్మా. ముందు గోవులకు పెడితే ఆమేల మేము తింటాం."

"గోవులకు మేత పెట్టేసినానప్పా. ఇది మనుషుల తిండి. వాటికి పెడితే సాయంత్రానికి కడుపుబ్బి పడిపోతాయి. పోయిన శ్రావణంలో ఒకటి అట్లనే చచ్చింది."

నాగేశ్ ముఖం మాడిపోయింది. "మే, తాళం ఇట్లియ్యి. ఆ ఆవు ముసలిదై చచ్చిందన్నా, ఈమెకేం తెలీదు."

"మూడు ఈతల ఆవు, ముసలిదెట్లయితాది? దాని కడుపు కోసినప్పుడు నువ్వు షాపులో ఉండావు."

ఫోటోగ్రాఫరు కెమెరా దించుకున్నాడు. వెంకటరాయప్ప గొంతు మారింది. "ఎండకాలం మీకు కట్టె పంపేది ఎవురో తెలుసునా అమ్మా నీకు?"

"తెలుసప్పా. మీరే. ఆ కట్టె తినే ఇవన్నీ నిలబడినాయి. ఆ పుణ్యం మీదే, ఎవురూ కాదనరు. ఈ పొంగలి తిని ఒకటి చస్తే ఆ పాపం గూడా మీదే అయితాది. అది మీకు రాకూడదనే తాళం వేసినా."

తాళంచెవి కొంగు ముడిలోనే ఉంచాను. అప్పుడు కెంపమ్మ కర్ర పక్కన పెట్టి చాప మీద కూర్చుంది.

"నా మోకాళ్ళు ఇంతసేపు నిలబడవు. వెయ్యమ్మా నాకు."

"అమ్మా, నువ్వు ఊరుకో" అన్నాడు వెంకటరాయప్ప.

"ఊరుకునే ఉండా గదప్పా. తింటాండా." రెండు ముద్దలు తిని, నోరు తుడుచుకుని నావైపు తిరిగింది. "నేను కాపురానికి వచ్చిన కొత్తల్లో జాతరకు ఎద్దులకు బెల్లమన్నం పెట్టినారు. జోడెద్దుల్లో ఒకటి పోయింది. మా మామ దిష్టి అన్నాడు. నేను కాదు మామా, అన్నమే అంటే కొత్త కోడలికి నోరెక్కువని చెంప మీద కొట్టినాడు. మంచిగుండాది పొంగలి. ఇంగొంచెం వెయ్యి."

మనవడు అవ్వ పక్కన చతికిలబడ్డాడు. కోడలు కూడా కూర్చుంది. చూస్తుండగానే కార్లలో వచ్చినవాళ్ళంతా చాపల మీదే ఉన్నారు. వెంకటరాయప్ప మాత్రం కారు దగ్గరే నిలబడ్డాడు. పోయేటప్పుడు నాగేశ్ భుజం మీద చేయి వేసి "ఇంగ నా ట్రాక్టరు కోసం చూడొద్దు" అని మెల్లగా చెప్పాడు.

కెంపమ్మను కారెక్కించింది నేనే. ఎక్కి కూర్చుని, నా చేయి వదలకుండా అంది. "బట్లహళ్ళిలో సగం పొలం నా పేరు మీదనే ఉండాది. కట్టె వామి మా ఇంటెనకే. నువ్వొచ్చి అడుగు. మీ ఆయన్ని పంపొద్దు. ఆయనొస్తే నా కొడుకుతో మాట్లాడి, కాఫీ తాగి పోతాడు."

కార్లు పోయాక నాగేశ్ మొదలుపెట్టాడు. పరువు పోయిందన్నాడు, ఎండకాలం ముందుందన్నాడు, అధ్యక్షుడు ఎవరో తేలాలన్నాడు. కెంపమ్మ మాట చెప్పాను. మా అత్త గుండె మీద చేయి పెట్టుకుంది. "ఆడదానివి ఊరు గాని ఊరికి పోయి చెయ్యి చాపుతావా? మన ఇంటి మర్యాదేం గావాల?"

ఇన్నేళ్ళూ నేనూ అదే అనుకున్నాను. అడగడం మగవాళ్ళ పని, ఆయన అడిగి తెస్తాడు, నేను పెడతాను అని. అడిగేవాడి చేతిలోనే గేటు తాళం ఉంటుందని నాకు తట్టలేదు. ఎవరు తెస్తే వాళ్ళదే మాట అయింది. వద్దన్న నా మాట కపిలతో పాటు గుంతలోకి పోయింది. నా కోసం అయితే నేను ఎవరి ముందూ చేయి చాపను. నోరు లేని వాటి కోసం ఎక్కడైనా చాపుతాను. రేపు బట్లహళ్ళి, ఎల్లుండి పాల సంఘాలు, ఆ తర్వాత చింతామణి మార్కెట్టు. ఏం కావాలో, ఏం వద్దో చెప్పి మరీ అడుగుతాను.

లోపల పశువులు నెమరు వేస్తున్నాయి. నాగేశ్ ఇంకా నా జవాబు కోసం చూస్తున్నాడు.

"రేపు పొద్దున పేడ నువ్వెత్తు" అన్నాను. "నేను మొదటి బస్సుకు పోతాండా."