చాపకి అంటుకున్న మాట

2023 నవంబరు 10, శుక్రవారం. పొద్దుటినుంచీ మబ్బు మూసుకునే ఉంది. వానా పడదు, ఎండా రాదు.

జుమ్మా నమాజయ్యాక కొత్తపేట ఇమాము సిలార్ సాయిబుగారు మసీదు అరుగు మీద చాపలో కూలబడ్డారు. ఇంటికెళ్ళి పడుకోవాలనుంది. కానీ శుక్రవారం జనం ప్రశ్నలు తెస్తారు. ఖురాను నుంచో, ప్రవక్తగారి మాటలైన హదీసు నుంచో జవాబు చెబితే ఆయన చాపకి అంటుకునే ఉంటారు. పండితులంతా ఒప్పుకున్న మాటకైనా అంతే. ఒకదానితో ఇంకోదాన్ని పోల్చి చెబితే బెత్తెడు గాల్లోకి లేస్తారు. సొంత అభిప్రాయమైతే మోకాలెత్తు. సెల్‌ఫోన్లొచ్చాక కొత్త ప్రశ్నలు పెరిగి, లేచీ దిగీ నడుం పాడైంది. ఆ వైద్యాల సంగతి చెప్పాలంటే వేరే కథవుతుంది.

ఆ రోజు ఖాదర్ వచ్చేడు. అతని తండ్రి, కొబ్బరికాయల వ్యాపారి మీరావలీ, కిందటి నెల పోయేడు. అన్న ఎప్పుడో పోయేడు. వదిన మదీనాబీ, ఆమె కూతురు జహీరా మీరావలీ కొబ్బరితోటలోని పెంకుటింట్లో ఉంటున్నారు. వాళ్ళూ వచ్చి పక్కన నిలబడ్డారు.

"మనవరాలికి వాటా ఉందాండీ?" అన్నాడు ఖాదర్.

"కొడుకువి నువ్వుండగా లేదు." సాయిబుగారు చాప మీంచి కదల్లేదు.

"అయితే ఇల్లు ఖాళీ చెయ్యమనండి."

"తండ్రిలేని పిల్ల. ఉండనీరాదూ." మోకాలెత్తు లేచేరు.

"అది మీ సొంత మాటండి. దిగండి, నడుం పట్టేస్తుంది."

మదీనాబీ కబురెడితే వచ్చిన లారీ డ్రైవరు నూకరాజు ముందుకొచ్చేడు, వెనకాల క్లీనరు బాబూరావు. "కాయల లోడుతో వెళ్తుంటే నాగపూర్ అవతల లారీలోనే పెద్దాయనకి గుండెనొప్పొచ్చిందండి. ఇల్లున్న వైపు మూడోవంతు తోట జహీరమ్మకన్నారండి. అప్పుడు మేవిద్దరవే ఉన్నాం. ఖాదర్ బాబుగారికి చెబితే నవ్వేరు."

"వీళ్ళు మనవాళ్ళు కారు గదండీ. సాక్ష్యం ఎలా చెల్లుద్ది?"

చాప మీదికి దిగిన సాయిబుగారికి ఆవలింత వచ్చింది. "ప్రయాణంలో చావు ముంచుకొస్తే బయటివాళ్ళిద్దరైనా చాలు, నమాజు తర్వాత ప్రమాణం చేయించమంది ఖురాను."

"ఖురాన్లోని ఆ ఆయతు ఇప్పుడు వర్తించదన్న పండితులున్నారు."

"ఉన్నారు. అందరూ ఒప్పుకోలేదు. వారసులు కానివాళ్ళకి ఆస్తిలో మూడోవంతు దాకా రాసివ్వొచ్చన్నది హదీసు. ఏం నూకరాజూ, ప్రమాణం చేస్తారా?"

"ఆయ్."

ఇద్దరూ దేవుడి మీద ప్రమాణం చేసేరు. ఖాదర్ వంగి, సాయిబుగారికీ చాపకీ మధ్య వేళ్ళు దూర్చబోయేడు. దూరలేదు. చెయ్యి దులుపుకుని లేచేడు.

తోటలో రెండు వంతులు ఖాదర్‌కి వచ్చేయి. ఇల్లున్న మూడోవంతు జహీరాకి. మదీనాబీకి ఏమీ రాలేదు. ఆ సాయంత్రం కూతురింట్లో పొయ్యి వెలిగించి ఎసరు పెట్టింది.