పోపుల డబ్బాలో బలం బిళ్ళలు

నేను ఒక పోపుల డబ్బాని. స్టీలు ఒంట్లో ఏడు చిన్న గిన్నెలు. కార్ఖానాలో రేకుని మర కింద పెట్టి ఒక్క గుద్దు గుద్దారు, నేను పుట్టేశాను. మనిషి తయారవడానికి తొమ్మిది నెలలట. బయటికొచ్చే సరుకు చూస్తే అంత టైం దేనికో నాకర్థం కాదు.

అనకాపల్లిలో అచ్చియ్యమ్మ నన్ను కొంది. పద్దెనిమిదేళ్ళు ఆవిడ ఆవాలూ మెంతులూ మోశాను. కొత్త డబ్బా రాగానే నా మొహం చూడ్డం మానేసింది. అప్పుడు ఆవిడ మొగుడు పోలినాయుడు నన్ను పట్టుకుపోయి నట్లూ బోల్టులూ పోశాడు. లారీ షెడ్లో మెకానిక్కు. లోకంలో దేన్నయినా గ్రీజుతో బాగుచెయ్యొచ్చని అతని నమ్మకం.

అచ్చియ్యమ్మకి మోకాళ్ళ నొప్పులొచ్చాయి. ఊళ్ళో ఒక డాక్టరమ్మ విటమిన్ డి బిళ్ళలు రాసింది. వారానికొకటి, ఎనిమిది వారాలు, తర్వాత వచ్చి కనిపించమంది. పోలినాయుడు నన్ను కడిగి ఒక గిన్నెలో ఒక బిళ్ళ వేశాడు. మిగతా ఆరు గిన్నెలూ ఖాళీగా కనిపించేసరికి, సగంలో వదిలేసిన పనిలా తోచింది కాబోలు, వాటిల్లోనూ తలో బిళ్ళ పడేశాడు.

"వారానికొకటే అన్నాది గదండీ ఆవిడ?" అంది అచ్చియ్యమ్మ.

"బలానికేసేదే అది, మందేటి? గ్రీజెక్కువైతే బేరింగు పాడైపోద్దేటి?"

"నా మోకాళ్ళు లారీ చక్రాలేటండి?"

"లారీ చక్రాలే నయం. అడిగినప్పుడు తిరుగుతాయి."

ఆ రోజు నుంచి రోజూ పొద్దున్నే టీతో ఒక బిళ్ళ. అయిపోతే మళ్ళీ తెచ్చేవాడు. మందుల షాపువాడు చీటీ అడగలేదు. అడిగితే బేరం పోతుంది గదా.

మూడు నెలలు తిరిగేసరికి అచ్చియ్యమ్మకి అన్నం సయించడం మానేసింది. వాంతులు, మలబద్ధకం, బిందెడు నీళ్ళు తాగినా తీరని దాహం. మంచం దిగాలంటే నీరసం. నీరసమంటే బలం చాలట్లేదనేగా? పోలినాయుడు కాల్షియం బిళ్ళలు కూడా తెచ్చి కలిపాడు. వీధి చివరి డాక్టరు, "మందులేమైనా వాడుతున్నారా?" అనడిగితే, "ఒక్కటీ లేదండి," అన్నాడు. అబద్ధం కాదు, అతని లెక్కలో నిజమే. ఆ డాక్టరు గ్యాసుకి మందిచ్చి పంపేశాడు.

ఒకరోజు పొద్దున్న అచ్చియ్యమ్మ మొగుణ్ణి ఎగాదిగా చూసి, "ఎవరు బాబూ నువ్వు? ఆయన షెడ్డుకెళ్ళారు," అంది. పోలినాయుడు ఆరోజు షెడ్డు మానేశాడు. ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. ఒక్క పూట కూడా బిళ్ళ తప్పకూడదని నన్నూ సంచిలో పెట్టుకున్నాడు.

నర్సుని మంచినీళ్ళడిగి నా మూత తీశాడు. పక్కనున్న ఆసుపత్రి డాక్టరమ్మ, ఈవిడ వేరే, చూసింది.

"ఇవి రోజూ వేస్తున్నారా?"

"రోజూనమ్మా. ఒక్కరోజు మానితే ఒట్టు," అన్నాడు, మెడలో దండ వేస్తారేమో అన్నట్టు.

రక్తం తీసి చూస్తే కాల్షియం పొంగిపోతోంది. మూత్రపిండాలు దెబ్బతింటున్నాయి. "నాయుడుగారూ, ఒంట్లో ఎక్కువైన విటమిన్ డి నీళ్ళలా బయటికి పోదు. కొవ్వులో దాక్కుని రక్తంలో కాల్షియం పెంచేస్తుంది. ఇంకో పది రోజులు ఇలాగే వేసుంటే ఈవిడ మీకు దక్కేది కాదు," అంది డాక్టరమ్మ. అతను తలొంచుకున్నాడు. నా గిన్నెల్లో మిగిలిన బిళ్ళలన్నీ నర్సు చేతిలో పోసేశాడు.

రెండు వారాలు సెలైన్లు ఎక్కించారు. అచ్చియ్యమ్మ మనుషుల్ని గుర్తుపట్టింది. మూత్రపిండాలు మాత్రం మునుపటిలా లేవు. ఇక నెలనెలా పరీక్ష తప్పదన్నారు.

"బలం బాగా పట్టిందండీ," అంది మొగుడితో. "ఇద్దరు పట్టుకుంటే గాని లేవలేకపోతన్నాను."

పోలినాయుడు దుప్పటి కింద ఆవిడ పాదాలు ఒత్తుతూ కూర్చున్నాడు.

నన్ను డాక్టరమ్మ అడిగి తీసుకుంది. ఇప్పుడు ఆవిడ బల్ల మీదే నా కాపురం. నిన్న ఒక పెద్దమనిషొచ్చాడు, ఇస్త్రీ చొక్కా, బంగారు వాచీ.

"మందులేమైనా వాడుతున్నారా?"

"ఏమీ లేవమ్మా."

డాక్టరమ్మ నన్ను ఆయన ముందుకి జరిపి, అచ్చియ్యమ్మ సంగతి చెప్పింది. ఆయన కాసేపు నా గిన్నెల వైపు చూశాడు. తర్వాత మెల్లగా సంచిలో చెయ్యి పెట్టాడు. ఒక సీసా, రెండు పొడి డబ్బాలు, మూడు బిళ్ళల అట్టలు. ఇంకా తీస్తూనే ఉన్నాడు.