ఓడకు చుట్టుకున్న వల

"చచ్చిన ఓడ మీద చచ్చిన వల. నీకెందుకే దాని గోల?" అన్నాడు ఆంబ్రోస్, రేవు మీద నిలబడి.

ఫిలోమినా నీళ్ల కింద పీల్చే గాలి సిలిండర్లు పడవలోకి దించుతోంది. ఆంబ్రోస్ ఆమెకు స్వయానా చిన్నాన్న. కెనడా తూర్పున, న్యూఫౌండ్‌లాండ్ తీరంలోని ఆ పల్లెలో రేవు ఆయనది, పెద్ద పడవ ఆయనది, పెద్ద నోరూ ఆయనదే. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల దెబ్బకు మునిగిన, ఖనిజం మోసే ఓడ 'ఎల్డన్ క్వీన్' ఆ రేవుకు ఎదురుగానే అడుగున పడి ఉంది. దాని మీద వల వేయకూడదని ఊరి కట్టుబాటు. అయినా కిందటేడు ఎవరో వేశారు. అది ఓడకు చిక్కుకుంటే తాడు కోసుకుని వెళ్లిపోయారు. ఎవరో అందరికీ తెలుసు. ఎవరూ అనరు.

"వెళ్దామా మరదలా? చిన్నాన్న దీవెన కోసం ఆగుతావా?" అన్నాడు క్లారెన్స్. అతను ఫిలోమినా అక్క బ్రైడ్ మొగుడు. నీళ్ల కింద ఫిలోమినాకు జోడీ.

"ఆయన దీవెన ఈ నీళ్లకన్నా చల్లగా ఉంటుంది బావా. పద."

బ్రైడ్ పడవ నడిపింది. జూన్ వచ్చినా, దూరాన ఒక మంచుకొండ ఇంకా కరగలేదు. దూకగానే ఫిలోమినా పెదవులు మొద్దుబారాయి. లంగరు తాడు పట్టుకుని దిగుతుంటే ఆకుపచ్చ మసకలోంచి ఓడ పైకి తేలివచ్చినట్టు కనిపించింది. ఇనుము జాడే లేదు. ఒళ్లంతా తెల్లగా, నారింజరంగులో విచ్చుకున్న సముద్రపు పూలు. పేరుకే పూలు, దగ్గరికొచ్చిన చిన్న చేపను పట్టి మింగే ప్రాణులవి. వల పరుచుకున్న మేర మాత్రం పీత డొల్లలు, కుళ్లిన కాడ్ చేపలు, రెక్కలు చాచి చచ్చిన సముద్రపక్షి ఒకటి.

ఆమెకు ఒళ్లు మండింది. కత్తి తీసింది.

ఒక రేకు సందులో గుమ్మడికాయలా ఉబ్బిన ఎర్రటి మగచేప, పొట్టతో ఇనుముకు అతుక్కుని, తన గుడ్లముద్దకు కాపలా కాస్తోంది. వల దాని వీపు మీదే ఉంది. ముఖం ముందు కత్తి ఆడుతున్నా అది కదల్లేదు. 'అలాగే ఉండరా, నేను నీ జోలికి రాను' అనుకుని, చుట్టూ తాళ్లు కోసి వలను మెల్లగా ఎత్తింది. కాస్త అవతల కోరపళ్ల తోడేలు చేప ఒకటి వలలో తల ఇరుక్కుని తన్నుకుంటోంది. విడిపించగానే అది కృతజ్ఞతేమీ చూపకుండా కత్తిని పళ్లతో కరిచి లాగింది. క్లారెన్స్ నవ్వు బుడగలు బుడగలుగా పైకి పోయింది.

వేళ్లు ఇక కత్తిని పట్టలేకపోతుంటే, కోసిన వలకు గాలి సంచులు కట్టి పైకి వదిలారు.

వాళ్లు వలతో తిరిగొచ్చేసరికి రేవులో చేపలు దించే వేళ. జనమంతా అక్కడే ఉన్నారు. ఫిలోమినా ఆ కుళ్లు వలను ఆంబ్రోస్ బూట్ల ముందు గుమ్మరించింది. వలను తేల్చే పసుపు రంగు బెండ్లు దొర్లాయి. ఆయన పడవ రంగే అది.

"నీ వల, చిన్నాన్నా."

"నాదని ఎవడన్నాడు?"

"ఎవడూ అనడు. అందుకే నేనంటున్నాను."

ఆంబ్రోస్ ముఖం కందగడ్డయింది. "రేపట్నుంచి నా రేవులో నీ పడవ కట్టావో, తాడు తెంపేస్తా. ఈ సముద్రం మీద బతికేవాళ్లం మేము. నీకిది ఆట."

"రేవు నీదే, కట్టనులే. సముద్రం మాత్రం మీ నాన్న సొత్తు కాదు. ఆయన మా తాతే, నాకు తెలుసు."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆంబ్రోస్ అటు తిరిగేసరికి నోళ్లన్నీ మూతపడ్డాయి.

మర్నాడు పడవను రాళ్ల ఒడ్డునుంచే నీళ్లలోకి దించారు. సిలిండర్లు మోయలేక బ్రైడ్ రెండుసార్లు జారిపడింది. "మా చెల్లెలి మొండితనం నా మోకాళ్లకొచ్చింది" అని తిట్టుకుంటూనే మళ్లీ ఎత్తుకుంది. వారం తిరక్కముందే ఓడ మీద వల పోగు ఒక్కటీ లేదు. ఆంబ్రోస్ ఆమెతో మాట్లాడడం మానేశాడు; ఆయన పడవలో పనిచేసేవాళ్లు కూడా ఆమెను చూస్తే తలలు తిప్పుకున్నారు.

కొట్లో టీ పొడి కొంటుంటే అలాంటివాళ్లు నలుగురు ఎదురయ్యారు. పొట్లం తీసుకుని వెళ్లబోతూ ఫిలోమినా తలుపు దగ్గర ఆగింది.

"ఇంకా ఎవరి వలలైనా పోయాయా? సిగ్గుపడకుండా చెప్పండి, తెచ్చి ఇంటి ముందు పడేస్తాను."