గుగ్గిలం పూసిన బెల్టు

గూడూరు శివారు మామిడితోటలో సోమ్లా గోనెసంచి పరుచుకుని, గడ్డి కోసే బుల్లి ట్రాక్టరు కింద వెల్లకిలా పడుకుని బెల్టుకు గుగ్గిలం పొడి రుద్దుతున్నాడు. నుదుటి చెమట చెవుల్లోకి కారుతోంది. పొద్దున్నించీ ఎడమ చెయ్యి లాగుతోంది. భయపడితే తనకిట్లాగే అవుతుందనుకున్నాడు. ఆ బండంటే అతనికి భయం. ఏళ్ల తరబడి నడుపుతున్నాడు, ఏళ్ల తరబడి భయపడుతూనే ఉన్నాడు.

పటేలు వెంకట్రాం ఎక్కడో వేలంలో కొనుక్కొచ్చిన ముసలి బండి అది. లివరు ముందుకు తోస్తే బెల్టు బిగిసి కింద బ్లేడు తిరుగుతుంది. వెనక్కి లాగితే బెల్టు వదులై బ్లేడు ఆగుతుంది. సోమ్లా ఆ బెల్టును ఎప్పుడూ కాస్త వదులుగానే ఉంచేవాడు. కారణం అతని భార్య లాలి. బ్లేడుకు గడ్డి చుట్టుకున్నప్పుడల్లా అతను లివరు లాగి "ఆగింది" అంటాడు. వెనకే నడిచే ఆమె వంగి, లోపల చెయ్యి పెట్టి ఆ గడ్డి లాగి మేకల కోసం గంపలో వేసుకుంటుంది. తన చెయ్యి ఆ ఒక్క మాట మీద నిలిచి ఉందని ఆమెకు ఏనాడూ తట్టలేదు. అతనికి మాత్రం ఆ మాట అన్న ప్రతిసారీ గుండె ఝల్లుమనేది.

ఈ వానలకు బెల్టు మరీ జారిపోతోంది. గడ్డి తెగకుండా వంగి లేస్తోంది. పొద్దున్నే పటేలు వచ్చి చూసి, మొహం చిట్లించాడు.

"రేపు మా బిడ్డ రుచిత నిశ్చితార్థం సోమ్లా. తోటల నాలుగూర్ల జనం కూసుంటరు. పొద్దుగూకేటాల్లకు నున్నగ కావాలె. ఏం జేస్తవో నాకెర్క లేదు."

"గట్లనే పటేలా," అన్నాడు సోమ్లా. కాదనడం అతని ఒంట్లోనే లేదు.

వయసులో ఉన్నప్పుడు పిండిగిర్నీలో పనిచేశాడు. అక్కడ బెల్టు జారితే గుగ్గిలం కొట్టేవాళ్లు, ఇక ఉడుంపట్టే. ఇప్పుడూ బెల్టు బిగించి అదే వైద్యం చేశాడు. గిర్నీ బెల్టు పొద్దంతా తిరగడానికే గానీ మాటిమాటికీ ఆగడానికి కాదన్న సంగతి, పాపం, అతనికి తోచలేదు.

బండి లేచింది. గడ్డి ఎగిరెగిరి పడుతోంది.

"అబ్బో, పడుచుదైంది నీ బండి!" అని లాలి వెనకనుంచి కేకేసింది. ఇంట్లో లంబాడీ తప్ప పలకని ఆ ఇద్దరూ, ఎందుకో గానీ, ఈ బండి దగ్గర తెలుగే మాట్లాడుకుంటారు.

సాలు చివర గడ్డి చుట్టుకుంది. సోమ్లా లివరు లాగి, అలవాటు కొద్దీ "ఆగింది" అన్నాడు.

ఆగలేదు. జిగురెక్కిన బెల్టు పుల్లీని వదలకుండా తిరుగుతూనే ఉంది. లాలి అప్పటికే వంగింది.

"వద్దే! చెయ్యి దియ్!"

బ్లేడు దగ్గరికి తల వంచిన ఆమెకు ఇంజను మోతలో ఆ అరుపు వినబడలేదు. బండి ఆపే మీట ఏనాడో పాడైంది. సోమ్లా ఇంజను మీదికి వాలి ప్లగ్గు వైరును ఉత్తచేత్తో పీకాడు. కరెంటు భుజం దాకా కొట్టింది. బండి ఠక్కున ఆగిపోయింది.

కిందికి దూకి, లాలి చెయ్యి పట్టుకుని వేలు వేలూ తడిమి చూశాడు. అన్నీ ఉన్నాయి.

"ఏమైందయ్యా? గట్ల తడుముతున్నవేంది?"

"నేను ఆగిందన్న లాలీ. అది ఆగలే."

ఆమెకు అర్థమయ్యేసరికి మొహంలో నెత్తురు లేదు. చేతిని కొంగులో చుట్టుకుని, "మరి పటేలుకు ఏం జెప్తవ్?" అంది.

"ఏమన్న అననియ్," అన్నాడు సోమ్లా, లాగుతున్న ఎడమ చెయ్యి ఒత్తుకుంటూ. "ముందుగాల గీ బెల్టు ఊడదియ్యాలె. నువ్వు వోయి జర నీళ్లు తే."

ఆమె చెంబుతో వచ్చేసరికి బండి కిందనుంచి అతని కాళ్లు బయటికి కనబడుతున్నాయి. ఇంకా పని మీదున్నాడనుకుని నీడన కూర్చుంది. "జర లేచి తాగు," అంది. మళ్లీ అంది. చెంబు కింద పెట్టి, పాదం పట్టుకుని కదిపింది. అది కదిపిన వైపే వాలిపోయింది.

మరునాడు నిశ్చితార్థం ఫంక్షన్ హాల్లో జరిగింది. తోటలో గడ్డి సగం నున్నగా, సగం మోకాళ్ల దాకా ఉంది. బండి కింద బెల్టును బిగించే నట్టు సగమే వదులైంది. దాని మీద పానా అట్లాగే వేలాడుతోంది.