స్వరము లేదనిన యంత్రము

శరత్కాలపు సాయంసమయమున వర్షధౌతమైన గగనతలము నీలమణిఫలకమువలె నిర్మలమై వెలుగుచుండ పశ్చిమగిరిశిఖరములకు జారుచున్న సూర్యుని అరుణకిరణములు కళింగతీరమందలి రాయవలస పట్టణపు పెంకుటిండ్లపై కుంకుమ చల్లినట్లు వ్యాపించెను. అట్టి రమణీయవేళ సముద్రమునుండి వీచు గాలి మాత్రము నాసికాపుటములను దహించు దుర్గంధమును మోసికొనివచ్చుచుండెను. ఏలయన ఊరికి ఉత్తరముననున్న యొక మందుల కర్మాగారము తన విషజలమును గొట్టముద్వారా నిస్సంకోచముగ కడలిలోనికి వదలుచుండెను.

ఆ పట్టణమున నొక దినపత్రికకు విలేకరియైన సువర్చల యను యువతి ఆ మధ్యాహ్నమే జాలరివాడకు బోయి తీరమున గుట్టలుగ పడి క్రుళ్లుచున్న మత్స్యరాశులను చూచివచ్చెను. అచ్చట గున్నమ్మ యను జాలరిస్త్రీ తన భర్త చేతులను పట్టి చూపెను. గొట్టము సమీపమున వల లాగిన పాపమునకు ఆ శ్రమైకజీవి హస్తములు మోచేతులదాక తోలూడి యెఱ్ఱబారియుండెను.

“ఎండకి సేపలు సచ్చిపోనాయని మొన్న మీ పేపర్లో రాసేరు. ఎండకి సేతులిలాగ కాలిపోతాయేటమ్మా?” అని గున్నమ్మ యడిగెను.

ఆ ప్రశ్న సువర్చల హృదయమున శూలమువలె నాటెను. మొన్నటి వార్తను వ్రాసినది ఆమెయే గాని యందు ఎండయను మాట ఆమెది కాదు. విలేకరులు వ్రాసిన వార్తలను రాయవలస కార్యాలయాధిపతియైన సన్యాసిరాజు ప్రధానకార్యాలయమునకు టెలిఫోనులో చదివి వినిపించుట ఆనాటి యాచారము. కర్మాగారమువారి విందులకు తప్పక విచ్చేయు ఆ మహనీయుడు విషమని యున్నచోట ఎండయని చదివెను. ఆమె నిలదీసి యడుగగా అవతలివారికి సరిగా వినబడలేదని చెప్పి నవ్వెను. ఇప్పుడా కర్మాగారము రెండవ గొట్టమునకు అనుమతి కోరుచుండెను. మరునాటి యుదయమున అధికారులు ప్రజాభిప్రాయము వినబోవుచుండిరి. నిజము ఆలోపున అచ్చుగాకున్న ఆ సభ ఎవరికిని తెలియకయే ముగియును.

దైవవశమున ప్రధానకార్యాలయమువారు ఇటీవలనే వార్తలను నేరుగ పంపుటకై రాయవలసకొక ల్యాప్‌టాప్‌ను ఒసగియుండిరి. సువర్చల కార్యాలయమునకు వచ్చి కాగితములపై వ్రాసికొనిన వార్తను దానిలో టైపు చేసి టెలిఫోను తీగను తగిలించి మీట నొక్కెను. వార్తను తీగపై పంపవలసిన లోపలి మోడెము క్షణకాలము నిట్టూర్చి ‘డయల్‌టోన్ లేదు’ అని తెరపై ప్రకటించెను. మరల నొక్కిన మరల నదియే యుత్తరము.

సన్యాసిరాజు చిరునవ్వుతో చేయి చాచెను. “లైనులో స్వరం లేదని మిషనే చెప్తోంది కదమ్మా. కాగితాలిలా ఇయ్యి, నేను ఫోన్లో చదివేస్తాను.”

సువర్చల తీగను మరల టెలిఫోనుకు తగిలించి రిసీవరును చెవికి ఆనించెను. స్వరము స్పష్టముగ తుమ్మెదవలె ఝంకరించుచుండెను. చెవికి వినబడుచున్నదానిని లేదని పలుకు ధైర్యము మనుష్యులకే యున్నదనుకొంటి, యంత్రములకును అబ్బెనే యని యామె మనసు భగ్గుమనెను. కాని యంత్రమునందు కపటము లేదు. ఆ యూరి పాత టెలిఫోను ఎక్స్ఛేంజి ధ్వని నగరపు ధ్వనివంటిది కాకుండుటచే మోడెము దానిని గుర్తింపజాలదయ్యెను. శిక్షణకై నగరమునకు బోయినపుడు తక్కినవారు తెరపైని బొమ్మలను నొక్కుటతో తృప్తినొంద ఈమె బోధకుని వదలక ప్రశ్నించి మోడెమునకు అక్షరములతో ఆజ్ఞలిచ్చు విధమును నేర్చియుండెను.

ఆమె తీగను ల్యాప్‌టాప్‌నకు మార్చి ఆజ్ఞలు వ్రాయు నల్లని తెరను తెరచెను. పూర్వపు అమరికలను మరువుమని ‘ఏటీజెడ్’ అని కొట్టగా మోడెము ‘ఓకే’ యనెను. స్వరముకొఱకు నిరీక్షింపక పిలువుమని ‘ఏటీఎక్స్3’ అని కొట్టెను. అదియు నంగీకరించెను. పిమ్మట ‘ఏటీడీటీ’ యని సంఖ్యను జోడింపగా మోడెము కీచుకీచుమని యంకెలు పలికెను గాని ఆ పాత ఎక్స్ఛేంజి వానిని గ్రహింపలేదు. తీగ మూగవోయెను.

సన్యాసిరాజు పొద్దుపోవుచున్నదని యనుచు మరల చేయి చాచెను. సువర్చల కన్నులెఱ్ఱజేసి మెల్లగా పలికెను.

“రాజుగారూ, అంత పొడుగు వార్తలో వాళ్లకి వినబడనిది విషం అన్న ఒక్క మాటేనా? ఈ కాగితాలు మీ చేతికి రావు.”

చాచిన చేయి వెనుకకు పోయెను. ఆమె తెరవంక తిరిగి ఆజ్ఞ చివర ‘టీ’ యున్నచోట ‘పీ’ యుంచి సంఖ్యను మరల కొట్టెను. ఈసారి మోడెము పాతకాలపు చక్రపు టెలిఫోనువలె టకటకమని యంకెలను లెక్కించుచు పలికెను. దూరమున గంట మ్రోగెను. కర్ణకఠోరమైన కూత వినబడి యంతలో అణగెను. తెరపై ‘కనెక్ట్’ అను మాట వెలసెను. గున్నమ్మ పలుకులతోకూడ వార్తయంతయు అక్షరము చెడక తరలిపోయెను.

మరునాటి పత్రికలో విషము విషముగనే అచ్చయ్యెను. దానిని చదివించుకొని విన్న జాలరివాడ యావత్తు సభకు కదలివచ్చెను. త్వరగా ముగింపనెంచిన యధికారికి ఆ జనసమూహమును గాంచగనే ముఖము వివర్ణమయ్యెను. గున్నమ్మ మైకు చేపట్టి రెండు మాటలాడునంతలో అది మూగబోయెను. ఎవ్వరు ఆపిరో ఎవ్వరును చెప్పలేదు. మైకు చెడినదనియు చెప్పదలచినది వ్రాసి యిండనియు అధికారి సెలవిచ్చెను.

సత్యమును లేదనువారికి సాధనములు వేయియుండును. పలుకువారు మౌనము వహించినప్పుడే యవి ఫలించును. గున్నమ్మ మైకును బల్లపై నుంచి కొంగు బిగించెను.

“ఇది సంద్రం మీద పడవల్ని పిలిసే గొంతు బాబూ. మీకు ఇనబడతాది” అనెను.

పిమ్మట ఆమె మాటలాడసాగెను. ఆ కంఠధ్వనికి సభామందిరపు వెలుపలనున్నవారును నడక మాని నిలిచిరి.