ఒంటి తీగ

షువైఖ్ చెక్‌పోస్టు దగ్గర ఇరాకీ సైనికుడు మద్దిలేటి భుజాన ఉన్న గిటారును తుపాకీతో పొడిచాడు. ఇరాక్ ఆక్రమణలో కువైట్ అంతా లూటీ అవుతున్న రోజులవి.

"నీదైతే వాయించు. లేదంటే దొంగవే," అని అరబ్బీలో కసిరాడు.

మద్దిలేటి క్యాసెట్లు వెనక్కి తిప్పి తిప్పి గిటారు నేర్చుకున్నవాడు. చిన్నప్పుడు తాత నేర్పిన ఒంటి తీగ ఏకతారను నామోషీ అని వదిలేశాడు. ఇప్పుడు క్యాసెట్ పాట ఒక్కటీ గుర్తుకు రాలేదు. ఏదో మీటబోతే తీగలు గరగరమన్నాయి. సైనికుడు తుపాకీ ఎత్తాడు.

"ఒక్క తీగే మీటురా అల్లుడా," అంటూ పక్కనున్న మేనమామ నరసింహులు, ఆ తాత పాడే తత్వం ఎత్తుకున్నాడు. మద్దిలేటి వేలు దానంతటదే లావు తీగ మీద పడింది.

సైనికుడు చివరిదాకా విని, "యల్లా," అని దారి వదిలాడు.

మలుపు తిరిగాక మద్దిలేటికి ఊపిరొచ్చింది. "మామా, తక్కిన అయిదు తీగల సంగతో?"

"ముందు రూముకు నడువు. బతికుంటే వాయించుకుందువులే."