అట్టడుగున పడిన ప్రశ్న

మా ఆయన కడుపులో పెద్ద రక్తనాళం ఒకచోట ఉబ్బింది. ఆపరేషన్ చేసేంత పెద్దది కాదట, పట్టించుకోకుండా వదిలేసేంత చిన్నదీ కాదట. ఆరునెలలకోసారి డాక్టర్లు స్కాన్ తీసి "చూద్దాం" అంటారు. వాళ్ళకేం, చూస్తారు! అది పగిలితే ఆస్పత్రికి చేరేలోపే ప్రాణం పోవచ్చని తెలిసినప్పటినుంచీ, ఆయన దగ్గితే చాలు నా గుండె జారిపోతోంది. ఆయన మాత్రం బండరాయి. కడుపునిండా తిని, గోడవైపు తిరిగి పడుకుంటారు.

ఈ జబ్బుమీద ముందుగా ఏ పరిశోధన చెయ్యాలో తేల్చడానికి రోగులనూ ఇంట్లోవాళ్ళనూ డాక్టర్లతో కలిపి కూర్చోబెట్టారు. మేమిద్దరమూ వెళ్ళాం. బల్లమీద అట్టముక్కలు, ఒక్కోదానిమీద ఒక్కో ప్రశ్న. ఎవరు దేన్నయినా జరపవచ్చు, కానీ కారణం చెప్పాలి. పైన నిలిచినవాటిమీదే పరిశోధన జరుగుతుంది.

ఉబ్బు పగలకుండా రక్తనాళంలో పెట్టే గొట్టం ఎన్నాళ్ళు మన్నుతుందన్న ప్రశ్న అప్పటికే పైకెక్కి కూర్చుంది. "ఉబ్బుతో ఎదురుచూసేవాళ్ళు భయాన్ని ఎలా తట్టుకోవాలి?" అన్నది అట్టడుగున పడి ఉంది. నాకు ఒళ్ళు మండింది. దాన్ని లాగి పైన పెట్టాను.

"కారణం చెప్పండమ్మా," అన్నాడు సర్జన్.

ఇంట్లో నా నోటికి అడ్డూ అదుపూ ఉండదు. అక్కడ మాత్రం అట్ట అంచులు సవరిస్తూ ఉండిపోయాను. మీరు పోతారేమోనని భయంగా ఉందని, ఆయన్ని పక్కన పెట్టుకుని ఎలా చెప్పను?

కాసేపు చూసి సర్జన్ అట్టను కిందికి జరపబోయాడు. మా ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"నేను చెప్తాను డాక్టరుగారూ. నేను నిద్రపోయాననుకుని ఇది రోజూ నా పొట్టమీద చెయ్యి పెట్టి చూస్తుంది. నాకెక్కడండీ నిద్ర? భయంతో చస్తున్నాను. ఆ సంగతి తెలిస్తే ఇది ఇంకా హడలిపోతుందని కదలకుండా పడుకుంటాను. ఇద్దరివీ దొంగనిద్రలే. ఇలా ఎన్నాళ్ళు బతకమంటారు?"

నా పైప్రాణాలు పైనే పోయాయి. ఆయనకు భయం లేదన్న ఒక్క ధైర్యంతోనే ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాను.

సర్జన్ ఆ అట్టను తన చేత్తోనే అన్నిటికన్నా పైన పెట్టాడు.

"జవాబు ఎప్పటికొస్తుందండీ?" అన్నాను.

"పరిశోధన కదమ్మా, ఏళ్ళు పడుతుంది."

మా స్కాన్ వచ్చేవారమే. ఆయన బల్లకింద నా చెయ్యి పట్టుకున్నారు. ఆయన వేళ్ళు చల్లగా ఉన్నాయి.

"ఇకనుంచి భయమేస్తే నన్ను లేపు," అన్నారు మెల్లగా.

"లేపడానికి మీరు నిద్రపోతే కదా!" అన్నాను. అందరిముందూ ఏడ్చేశాను.